118.0863 దగ్గర ఉన్నది గ్లైసిన్ బీటైనా, వాలీనా?

వరి ఆకుల సారాన్ని ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను ముందు విడదీసి, తర్వాత వాటి బరువు కొలిచే యంత్రంలో) నడిపితే ఆరువేలకు పైగా పీక్‌లు (గ్రాఫులో పైకి లేచే సంకేతాలు) వచ్చాయని, సాఫ్ట్‌వేర్ కొన్ని వందల పీక్‌లకు పేర్లు కూడా పెట్టిందని, ఆ పేర్లతోనే థీసిస్ అధ్యాయం రాయవచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి. మీరు జతచేసిన పట్టికలో, నీటి ఎద్దడికి పెరిగిన మొదటి పది పేర్లలో గ్లైసిన్ బీటైన్ కనిపించింది. ఈ జవాబు రాయడానికి అదే కారణం. నేను సరిగ్గా అక్కడే పొరబడ్డాను.

నా పని వేరుశనగ మీద. అనంతపురం వైపు వానను నమ్ముకుని వేసే పంట అది. కాయ ఊరే రోజుల్లో వాన ముఖం చాటేస్తే రైతు పెట్టుబడి మట్టిలో కలిసిపోతుంది. అటువంటి ఎద్దడిలో ఆకులోని చిన్న అణువులు, అంటే మెటబొలైట్లు, ఎలా మారతాయో తెలుసుకోవాలని కుండీల్లో మొక్కలు పెంచి సగం వాటికి నీరు ఆపాను. మొదటి ఫలితాల్లో 118.0863 బరువు (యంత్రం చూపే ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి) దగ్గర ఉన్న పీక్ ఎద్దడి మొక్కల్లో స్పష్టంగా పెరిగింది. సాఫ్ట్‌వేర్ దానికి పెట్టిన పేరు గ్లైసిన్ బీటైన్. పాలకూర, బీట్‌రూట్ వంటి మొక్కలు కణాల్లో నీటిని నిలుపుకోవడానికి పోగుచేసుకునే పదార్థం అది. నేను వెతుకుతున్నది దొరికిందన్న సంతోషంలో పోస్టరు కూడా సిద్ధం చేశాను. మా గైడ్ ఒకే ప్రశ్న అడిగారు: "ఇది వాలీన్ కాదని ఎలా తెలుసు?"

నా దగ్గర సమాధానం లేదు. వాలీన్ ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లం. గ్లైసిన్ బీటైన్, వాలీన్ రెండింటి ఫార్ములా ఒక్కటే: ఐదు కార్బన్లు, పదకొండు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు. అణువుల అల్లిక వేరు, బరువు మాత్రం చివరి దశాంశం దాకా ఒకటే. ఎంత ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్ తెచ్చినా బరువు ఒక్కదానితో వీటిని విడదీయలేదు. సాఫ్ట్‌వేర్ బరువును డేటాబేస్‌లో వెతికి, దొరికిన పేర్లలో ఒకటి చూపించింది, అంతే. ల్యూసిన్, ఐసోల్యూసిన్‌ల సంగతీ ఇదే, రెండూ 132.1019 దగ్గరే వస్తాయి.

బరువు విడదీయలేనిదాన్ని కాలమ్, అంటే పదార్థాలు వేర్వేరు సమయాల్లో బయటికి వచ్చేలా చేసే గొట్టం, విడదీయాలి. కానీ నేను వాడినది నూనె స్వభావం ఉన్న అణువులను పట్టుకునే సీ18 కాలమ్. నీటిలో బాగా కరిగే చిన్న అణువులను అది దాదాపు పట్టుకోదు. వాలీన్, బీటైన్, ప్రోలిన్ అన్నీ మొదటి నిమిషంలోనే లవణాలతో కలిసి బయటికి వచ్చేస్తున్నాయి. ఆ లవణాలు ఎలక్ట్రోస్ప్రేలో (ద్రావణాన్ని తుంపరగా చేసి అణువులకు ఆవేశం ఇచ్చే భాగంలో) అణువులకు ఆవేశం అందకుండా అడ్డుపడతాయి కాబట్టి పీక్ ఎత్తును కూడా నమ్మలేము. నీటిలో కరిగే అణువులను పట్టుకునే హిలిక్ కాలమ్‌కు మారాక పని కుదిరింది. దానితో ఓపిక కావాలి. ప్రతి రన్ తర్వాత తిరిగి స్థిరపడటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, నమూనాలో నీరు ఎక్కువైతే పీక్ ఆకారం చెడుతుంది. అందుకే సారాన్ని ఆరబెట్టి, ఎక్కువ భాగం అసిటోనైట్రైల్ ఉన్న ద్రావణంలో కరిగించి ఇంజెక్ట్ చేసేదాన్ని.

తర్వాత రెండింటి స్టాండర్డ్‌లు, అంటే ఏదో ముందే తెలిసిన శుద్ధ పదార్థాలు, కొన్నాం. ముందు విడివిడిగా నడిపాను, ఆపైన మా ఆకు సారంలోనే కలిపి నడిపాను. మా పీక్ వాలీన్‌తో కలిసి పెరిగింది, బీటైన్ పక్కన వేరుగా నిలబడింది. అణువును ముక్కలు చేసి చూసినా అదే తేలింది. వాలీన్ పగిలితే 72.08 దగ్గర ముక్క వస్తుంది, బీటైన్ అయితే 58, 59 దగ్గర వస్తాయి. మాది 72.08. ఎద్దడిలో ఆకులోని ప్రోటీన్లు విడిపోతే వాలీన్ పెరగడం సహజమే కాబట్టి ఫలితం పనికిరాకుండా పోలేదు, కానీ దాని అర్థం పూర్తిగా మారిపోయింది. నీటిని నిలుపుకునే ఏర్పాటని రాయబోయిన చోట ప్రోటీన్ల క్షయం అని రాయాల్సి వచ్చింది.

ఇక మీ ఆరువేల పీక్‌లు ఆరువేల పదార్థాలు కావు. ఒకే పదార్థం హైడ్రోజన్ అయాన్‌తో ఒకసారి, సోడియంతో మరోసారి కనిపిస్తుంది. రెండింటి మధ్య తేడా 21.98. గ్లూకోజ్ అయితే పాజిటివ్ మోడ్‌లో (ధనావేశ అయాన్లను కొలిచేటప్పుడు) ముఖ్యంగా సోడియంతో, 203.0526 దగ్గర కనిపిస్తుంది. 1.003 తేడాతో వచ్చేది కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) ఐసోటోపు. నీటి అణువు ఊడిపోయిన ముక్కలు మరికొన్ని. ఇవన్నీ ఒక్కచోటికి చేర్చాక నా పట్టికలో మూడో వంతు కూడా మిగలలేదు.

బ్లాంక్ నడిపారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. ఆకు లేకుండా, అవే ట్యూబులతో, అదే ద్రావణితో మొదటి నుంచి చివరి దాకా చేసిన నమూనా కావాలి. నా ఎద్దడి నమూనాలలో మాత్రమే 338.3417 దగ్గర పెద్ద పీక్ వచ్చింది. అది ఎరుకమైడ్, ప్లాస్టిక్ తయారీలో జారుడు కోసం కలిపేది. ఎద్దడి మొక్కలకు కొత్త ప్యాకెట్ ట్యూబులు వాడాను, మిగతావాటికి పాతవి. ఆ తేడా మొక్కలది కాదు, ట్యూబులది.

అన్ని నమూనాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన క్యూసీని (నాణ్యత తనిఖీ నమూనాను) ప్రతి ఐదారు ఇంజెక్షన్లకు ఒకసారి నడపండి. నమూనాల వరుసను చీటీలు తీసినట్టు కలిపేయండి. నీరు పెట్టినవన్నీ మొదటి రోజు, ఎద్దడివన్నీ రెండో రోజు నడిపితే యంత్రం సున్నితత్వంలో వచ్చిన మార్పే ఎద్దడిలా కనిపిస్తుంది. క్యూసీలలో 30 శాతానికి మించి ఊగిసలాడే పీక్‌ను నేను వదిలేస్తాను. ఆకులన్నీ పొద్దున ఒకే వేళకు కోసి వెంటనే ద్రవ నత్రజనిలో వేశారని అనుకుంటున్నాను. అలా చేయకపోతే ఎండతో మారే చక్కెరల గురించి ఏమీ రాయకండి.

మీ ప్రశ్నకు నిజంగా అవసరమైన ఇరవై ముప్పై పీక్‌లను ఎంచుకుని, వాటికే స్టాండర్డ్‌లు సంపాదించండి. అమైనో ఆమ్లాలు ఏ జీవరసాయన ప్రయోగశాలలోనైనా ఉంటాయి, అడిగితే చిటికెడు ఇస్తారు. ఫ్లావనాయిడ్ గ్లైకోసైడ్‌ల వంటి వాటికి స్టాండర్డ్ దొరకకపోతే ఫలానా తరగతికి చెందినది కావచ్చని రాయడంలో చిన్నతనం లేదు. 2007లో మెటబొలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ (ఈ రంగంలో ఫలితాలు రాసే ప్రమాణాలను సూచించిన బృందం) గుర్తింపును నాలుగు స్థాయిలుగా విభజించింది. మొదటి స్థాయి అని రాయాలంటే మీ ప్రయోగశాలలోనే, అవే పరిస్థితుల్లో, అసలైన స్టాండర్డ్‌తో కనీసం రెండు లక్షణాలు సరిపోలాలి. ప్రతి పేరు పక్కన దాని స్థాయి వేయండి.

మీ గ్లైసిన్ బీటైన్ విషయానికొస్తే, వరి సహజంగా దాన్ని పోగుచేసుకునే పంట కాదు. ఆ పీక్ ముక్కల స్పెక్ట్రమ్ తెరిచి 72.08 ఉందో, 58, 59 ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. వాడిన కాలమ్ ఏదో కూడా చెప్పండి.