విదేశాలు ఇచ్చే ఆయుధ సాయం యుద్ధంలో గెలుపోటములను నిజంగా మారుస్తుందా?

మారుస్తుంది. అయితే ఎంత ఇచ్చారన్న లెక్క కన్నా ఎప్పుడు ఇచ్చారు, ఎన్నాళ్లు ఇస్తారన్నదే ముఖ్యం.

ఉక్రెయిన్‌నే చూడండి. దాదాపు 6,100 కోట్ల డాలర్ల సాయం బిల్లు అమెరికా కాంగ్రెస్‌లో నెలల తరబడి నలిగి, 2024 ఏప్రిల్‌లో గానీ గట్టెక్కలేదు. డబ్బు లేక కాదు, చాలావరకు సొంత సరిహద్దులో వలసల మీద అక్కడి పార్టీల తగవు వల్ల. ఈలోగా ఉక్రెయిన్ సైనికులు ఫిరంగి గుండ్లు పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోని అవ్దివ్కా పట్టణం రష్యా చేతికి చిక్కింది. గుండ్ల కొరత ఒక్కటే కారణమనను. విమానం దూరం నుంచే వదిలితే రెక్కలతో జారుతూ వచ్చి పడే రష్యా గ్లైడ్ బాంబుల దెబ్బ, ఉక్రెయిన్‌కు సైనికుల కొరత కూడా ఉన్నాయి. కానీ ఎక్కడో జరిగిన ఓట్ల బేరసారాలకు కందకాల్లో ఉన్నవాళ్లు మూల్యం చెల్లించడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ అఫ్గానిస్థాన్. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయినా మాస్కో అండ ఉన్న అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం చాలామంది అనుకున్నట్టు వెంటనే కూలలేదు. మాస్కో నుంచి ఆయుధాలు, ఇంధనం, తిండి వస్తున్నంత కాలం నిలబడింది. 1991 చివర్లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, సాయం ఆగింది. 1992 ఏప్రిల్‌లో నజీబుల్లా గద్దె దిగాడు.

దీనికి రెండో వైపూ ఉంది. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు అక్కడి సైన్యం దగ్గర అమెరికా ఇచ్చిన ఆయుధాలు బోలెడు ఉన్నాయి. అమెరికా వెళ్లిపోతోందని తెలిశాక, వాటిని పట్టుకుని పోరాడాలన్న నమ్మకమే లేకుండా పోయింది.