అల్లుడికి, విజయవాడ ఆటోనగర్ నుంచి

ఒరే అల్లుడూ,

నువ్వు పాత యమహా ఆర్ఎక్స్ 100 బండి కొని, ఇంజను బ్లాకు ఊడదీసి కూర్చున్నావని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "వాడికా పిచ్చి ఎక్కించింది నువ్వే అన్నయ్యా, నువ్వే దింపు" అంది. తిడదామనే మొదలుపెట్టాను. కానీ గుంటూరులో చదువుకుంటూ చేతికి గ్రీజు అంటించుకునేవాడు మన ఇళ్లల్లో ఒకడు తయారయ్యాడని పక్క షాపుల వాళ్లకి అప్పుడే చెప్పేశాను. ఆ సంగతి మీ అమ్మతో అనకు.

రీబోర్ కొట్టిస్తే, అంటే బ్లాకు లోపల పిస్టన్ తిరిగే గొట్టాన్ని వెడల్పు చేయిస్తే, బండి ఎగిరిపోతుందని ఎవరో చెప్పుంటారు. ఆ ఇంజను బోరు (గొట్టం వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 50. నూరు సైజు పిస్టన్, అంటే ఒక మిల్లీమీటరు పెద్దది వేసి బోరు 51 చేయించినా పెరిగేది 4 సీసీలు. దానికెందుకురా అంత హడావుడి? బ్లాకు మీది హెడ్డు మూత అడుగున ఎక్కువ కోయించకు, మన మే నెల ఎండల్లో నాకింగ్ (ఇంజను లోపల టకటక కొట్టుకోవడం) మొదలవుతుంది. ఆయిల్ పంపు జోలికి పోకు.

బలమంతా పోర్టుల్లో, అంటే బ్లాకు గోడకున్న గాలి, పొగల దారుల్లో, ఆపైన సైలెన్సర్‌లో ఉంది. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు ఒక్క మిల్లీమీటరు లేపినా బండి తీరే మారిపోతుంది. ఇంజను వేగంగా తిరిగే హై ఆర్‌పీఎంలో లాగుతుంది, మెల్లగా తిరిగేటప్పుడు చచ్చిపోతుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద ఈడ్చుకురావాలి. ఆకురాయితో తీసింది మళ్లీ అతికించలేం, కొంచెం కొంచెంగా తియ్యి.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. మా షాపులో ఒక కుర్రాడు ఉండేవాడు, నీ వయసే. పోర్టు వాడు తీసినంత నున్నగా నేను కూడా తియ్యలేను. సైలెన్సర్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకి ఓపెన్ ఫిల్టర్ పెట్టాడు. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ మాత్రం కంపెనీదే ఉంచేశాడు. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. ఆటోనగర్ సందుల్లో నాలుగు రోజులు తిప్పితే ఏమీ కాలేదు, ఫుల్ థ్రాటిల్ పట్టి నిలబెట్టే చోటు ఇక్కడేదీ? ఆదివారం పొద్దున వారధి దాటి మంగళగిరి వైపు పోయాడు. తాడేపల్లి దాటాక బండి గొంతు సన్నబడిందట. ఇంకా బాగా లాగుతోందనుకుని మరింత తిప్పాడు. పిస్టన్ బ్లాకులో ఇరుక్కుని పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి, వాడు రోడ్డు మీద జారాడు. ప్రాణం దక్కింది. ఎడమ మణికట్టు మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు, స్పానర్ కుడిచేత్తోనే తిప్పుతాడు. బ్లాకు విప్పితే పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం కరిగి గోడకి పూసుకుపోయి ఉంది. స్పార్క్ ప్లగ్గు సున్నంలా తెల్లగా ఉంది, పెట్రోలు చాలలేదని గుర్తు. ముందురోజు ఒక్కసారి ఆ ప్లగ్గు విప్పి చూసుంటే అదే చెప్పేది.

అందుకని జెట్టు రెండు మూడు సైజులు పెద్దదే వేసి మొదలుపెట్టు. నల్లగా పొగొచ్చినా ఫరవాలేదు. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ పట్టి, క్లచ్ నొక్కి, ఇంజను ఆపేసి, అక్కడికక్కడే ప్లగ్గు విప్పి చూడు. లేత కాఫీ రంగు వచ్చేదాకా ఒక్కో సైజు తగ్గించుకుంటూ రా. తెల్లగా కనిపిస్తే ఇంటికి తోసుకుంటూ అయినా రా గానీ తొక్కకు. నడిపినంతసేపూ రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. పట్టేసిన క్షణంలో నొక్కితే చక్రమైనా వదులుతుంది. హెల్మెట్ సంగతి నీకు చెప్పాలా, వెధవా?

పోలీసులతో తమాషాలొద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. రోడ్డు మీద బండి అలా దొరికితే మీ అమ్మ నిన్నొదిలి నన్ను పట్టుకుంటుంది.

ఆ డ్రమ్ బ్రేకులు కంపెనీ ఇచ్చిన 11 హార్స్‌పవర్‌కే ఏదో ఆపుతాయి. ముందు అవి చూసుకుని తర్వాత ఇంజను. బ్రేకు షూలు నేను కొనిపెడతా. ఆదివారం బ్లాకు పట్టుకుని రా, ఈలోగా ఆకురాయి ముట్టుకోకు. జెట్ల డబ్బులు మాత్రం నీవే.

మీ మామయ్య