ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే ముందు: మా శ్రావణికి బాబాయ్ రాస్తున్నది

శ్రావణీ,

మీ ఊరి పక్కన మందుల ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ అంటూ పేపర్లో పడిన ప్రకటన ఫొటో చూశాను. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలని రూలు, కాబట్టి ఇంకా టైముంది, ఆ టైమంతా ఫ్లెక్సీలకే పెట్టేయకండి. ముందు కలెక్టరాఫీసుకో, జిల్లా పరిశ్రమల కేంద్రానికో వెళ్లి ముసాయిదా ఈఐఏ రిపోర్టు, అంటే ఫ్యాక్టరీ వల్ల పర్యావరణం మీద పడే ప్రభావాల అంచనా, చూపించమని అడుగు. పంచాయతీ ఆఫీసులోనూ ఉండాలి, కానీ అక్కడ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికే ఒక పూట గడిచిపోతుంది. తెలుగు సారాంశం ఒక్కటీ చేతిలో పెడితే తీసుకుని వచ్చేయకు. అది పెళ్లిచూపుల ఫొటో లాంటిది, అన్నీ బాగానే కనిపిస్తాయి. అసలు సంగతి ఇంగ్లీషు రిపోర్టు వెనక టేబుళ్లలో ఉంటుంది.

ఈ రిపోర్టులు తయారుచేసే వాళ్ల మధ్యే ఉద్యోగమంతా చేశాను కదా, అందుకే చెబుతున్నా. శాంపిళ్ల కోసం ఎండలో తిరిగే కుర్రాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ రిపోర్టు రాసే కన్సల్టెంటుకు నాబెట్ అనే సంస్థ గుర్తింపు ఉన్నా, ఫీజు ఇచ్చేది మాత్రం ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే. అందుకని పచ్చి అబద్ధాలు రాయడం తక్కువ, రాయాల్సింది వదిలేయడం ఎక్కువ. వానాకాలం కాని ఒక సీజన్లో కొలతలు తీస్తే చాలని నిబంధన ఉంది. మార్చి నుంచి మే దాకా తీశారనుకో, మీ వాగులో అప్పుడు ఇసుక తప్ప ఏముంటుంది? రిపోర్టులో 'ఎండిన వాగు' అని రాసి ఊరుకుంటారు. అదే వాగు సెప్టెంబరులో రోడ్డెక్కి బస్సులు ఆపేస్తుందని ఢిల్లీలోనో రాష్ట్ర రాజధానిలోనో కూర్చుని రిపోర్టు పరిశీలించే కమిటీకి ఎవరు చెప్పాలి, మీరే కదా.

కాబట్టి రెండు టేబుళ్లు వదలకు. ఒకటి, నీటి శాంపిళ్లు ఎక్కడ తీశారన్నది. ఊరి పేర్లతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఇస్తారు, వాటిని ఫోన్లో మ్యాపులో కొట్టి చూడు. మీ బోరు నీళ్లని రాసిన చోటు చెరువు మధ్యలో తేలిందా, ఫ్యాక్టరీ స్థలానికి ఎగువన ఉందా, పల్లంలో ఉన్న ఊళ్లలో ఒక్క శాంపిలూ తీయలేదా అన్నవి రాసుకో. రెండోది భూమి వినియోగం. గొర్రెలు మేసే నేలనూ నీళ్లు నిలిచే తంపర నేలనూ కలిపి బంజరు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు కోసం బీల అనే చిత్తడి నేలను కూడా ఇలాగే పనికిరాని నేలగా చూపించారు, అక్కడేమో జనం చేపలు పట్టుకుంటున్నారు, చుట్టుపక్కల పొలాలకు నీళ్లు ఎత్తిపోసుకుంటున్నారు. ఆ ప్రాజెక్టు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి, అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ థర్మల్ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఉద్యమం లేకపోతే కేసు అంతదాకా వెళ్లేది కాదు, నిజమే, కానీ అథారిటీ ముందు నిలబడింది మాత్రం అది చిత్తడి నేల అన్న ఆధారం. ఈ అనుమతులకు మూలమైన 2006 ఈఐఏ నోటిఫికేషన్లో 8వ పేరా చదువు, తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతీ రద్దు చేయవచ్చు.

ఇక సభ సంగతి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు ఏర్పాటు చేస్తారు, కలెక్టరో, జాయింట్ కలెక్టరో కూర్చుంటారు. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన చేతిలో లేదు, అక్కడ ఓటింగూ ఉండదు, కాబట్టి ఆయన మీద కేకలేసి ఒరిగేదేం లేదు. బహిష్కరిస్తామని మీ కుర్రాళ్లు అంటున్నారట, వద్దని చెప్పు. దీనికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, లేదు, పది మంది వచ్చినా సభ జరిగినట్టే రాసుకుంటారు. ఉద్యోగాలొస్తాయని మాట్లాడటానికి పక్క మండలాల నుంచి ఆటోల్లో జనం దిగుతారు, వాళ్లతో గొడవ పెట్టుకుంటే మర్నాడు పేపర్లో గొడవే మిగులుతుంది.

'మాకొద్దు' అని ఇరవై మంది అంటే సభలో జరిగింది రాసుకునే మినిట్స్‌లో ఒక్క లైనే అవుతుంది. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న పంచుకోండి. ఎన్ని బోర్లు, రోజుకెంత నీరు, సాల్వెంట్లు, అంటే మందుల తయారీలో వాడే రసాయన ద్రవాలు, వచ్చే ట్యాంకర్లు బడి ముందు నుంచే వెళ్తాయా, మిగిలిన వ్యర్థాలు ఎక్కడికి పోతాయి. నోటితో అడిగిందే కాగితం మీద కూడా రాసి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, సరిగ్గా అప్పుడే మనవాళ్లు భోజనాలకు లేచిపోతారు. కనీసం నలుగురు కూర్చుని, తమ మాట అందులో లేకపోతే అక్కడికక్కడే రాయించాలి. వీడియో ఎలాగూ తీస్తారు, మీరూ తీయండి.

తర్వాత ఈ పర్యావరణ అనుమతుల కాగితాలు పెట్టే ప్రభుత్వ పరివేష్ వెబ్‌సైట్ చూస్తూ ఉండు. మీరు అడిగినవాటికి తుది రిపోర్టులో జవాబు ఇవ్వాలి, అనుమతి వస్తే షరతులతో సహా లేఖ అందులోనే పెడతారు. అప్పీలుకు వెళ్లాలంటే పర్యావరణ కేసులు వినే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి 30 రోజుల్లో వెళ్లాలి, ఆలస్యానికి గట్టి కారణం చూపిస్తే మరో 60 రోజులు, అది దాటితే ఎవరేం చెప్పినా వినరు. వకీలును ఆ లేఖ వచ్చాక కాదు, ఇప్పుడే వెతుక్కోండి.

ఆ టేబుళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టు, శాంపిళ్ల సంగతి నేనూ చూస్తా. మీ నాన్నను మాత్రం మైకు దగ్గరికి ముందుగా పంపకు, అన్నయ్య మొదలుపెడితే మిగతావాళ్లకు టైము మిగలదు.

బాబాయ్