నీ బంగారు బల్లి కత గురించి పెద్దమ్మ రాస్తా ఉండే ఉత్తరం

చిన్నోడా,

నువ్వు పంపిన ప్లాన్ నిదానంగా చదివినా. పరీక్ష పోయిన పిల్లోడు ముని శాపంతో కపిలతీర్థం దగ్గర కొండరాళ్లల్లో బంగారు బల్లి అయిపోవడం అనేది నాకు శానా నచ్చింది. మన శేషాచలం కొండల్లో నిజంగా ఉండే జీవం అది, యాడిదో డ్రాగన్‌ని తెచ్చిపెట్టకుండా దాన్ని పట్టుకున్నావు, మంచి పని చేసినావు. కానీ నీ ప్లాన్‌లో సగానికి పైగా మారేటప్పుడు వచ్చే వెలుగు, పొగ, ఉరుములే ఉండాయి, మారినాక వాడేం చేస్తాడో రెండు లైన్లతో సరిపెట్టేసినావు. దాన్ని తిరగెయ్యి. మారడం నాలుగు వాక్యాల్లో అయిపోవాల, ఆ ఒంటితో వాడు పడే పాట్లే కత.

ముందు ఆ ఒళ్లు ఎట్ల పనిచేస్తాదో కూర్చొని రాసుకో. ఈ బల్లికి ఆడించే కనురెప్పలు ఉండవు, కాబట్టి మీవాడు ఎంత భయమేసినా కండ్లు మూసుకోలేడు, కంట్లో దుమ్ము పడితే నాలికతోనే తుడుచుకోవాల. రాత్రిపూట తిరుగుతాది, పగలంతా రాతి సందుల్లో ఉంటాది, అట్లాంటప్పుడు వాళ్లమ్మ పొద్దున్నే వెతుక్కుంటా వస్తే వాడు బయటికి రావాలంటే ఎంత తెగింపు కావాల చెప్పు. తోక తెగితే మళ్లీ మొలుస్తాది సరే, తోక పోగొట్టుకున్నోడు మళ్లీ మనిషైతే వాడి ఒంట్లో ఏం లేకుండా పోయుంటాది? అది నువ్వు రాయకముందే తేల్చుకోవాల, రాస్తా రాస్తా తడుముకుంటే దొరకదు.

ఇంకొకటి, నాకు రాత్రి తోచింది. వాడు పాక్కుంటా ఇంటికి చేరినాడనుకో, గోడ మీద ఉండాడు, కింద వాళ్లమ్మ పక్కింటామెతో "వాడు ఇంక రాడేమోమ్మా" అంటా ఉంది, వీడు ఆత్రం పట్టలేక అమ్మా అని పిలవబోతే బల్లి కూతే వస్తాది. మాట్లాడేటప్పుడు బల్లి కూస్తే ఆ మాట నిజమని కదా మనోళ్ల నమ్మకం! ఆమె ఏమైపోతాదో ఆలోచించు. నీ కతకి మధ్య భాగం ఇదే అని నేనంటా.

శాపానికి రూల్ ఒకటే పెట్టు, అది మొదట్లోనే చదివేవాళ్లకి తెలిసిపోవాల. భారతంలో నహుషుడనే రాజు శాపంతో కొండచిలువ అయినప్పుడు, తన ప్రశ్నలకి జవాబు చెప్పినోడి వల్లే విముక్తి అని ముందే తెలుసు, అందుకే మనం కాచుకొని ఉంటాం. అయినా భీముణ్ణి పట్టుకుంటాడు, తన వంశంలోవాడే అని తెలిసినా వదలడు, ఎందుకంటే ఆకలి కొండచిలువది. తెలివి మనిషిది, ఆకలి జంతువుది, ఈ రెండూ ఒకే ఒంట్లో కొట్టుకోవాల. మీవాడు మొదటి పురుగుని మింగే సీన్ తప్పకుండా పెట్టు, తప్పించుకోవద్దు.

బల్లే ఎందుకు అనేదానికి నీ ప్లాన్‌లో జవాబు లేదు. శాపం పెట్టే ముని ఉండాడు కదా అంటే చాలదు. ఫెయిల్ అయినాక ఎవరి కంటా పడకూడదని మొక్కుకున్నోడికి ఆ మొక్కే తీరిపోయిందనుకో, అప్పుడు మునితో పనే లేదు, ఆ క్యారెక్టర్ తీసెయ్.

మే నెలలో గంగమ్మ జాతరకి వచ్చినప్పుడు తాతయ్యగుంట గుడి దగ్గర కాసేపు నిలబడు. మొక్కుబడికి చీరకట్టుకొని వచ్చే మగోళ్లని చూడు, మొహం కాదు, నడక చూడు. కుచ్చిళ్లు కాలికి అడ్డం పడకుండా అడుగు చిన్నదవుతాది, చెయ్యి దానంతటది కొంగు మీదికి పోతాది. ఒక్క బట్ట మారితేనే ఇంత ఉంది, ఒళ్లే మారితే ఎంతుంటాదో నోట్ చేసుకో.

చిన్న కత కాబట్టి ఒక్క రాత్రి, ఒక పగలు చాలు, అమ్మా కొడుకూ పక్కింటామె చాలు. ఫ్రెండ్స్ గ్యాంగ్, లవ్ ట్రాక్ వద్దు. చివరి సీన్ ముందు రాసి నాకు పంపు, వాడు మనిషి అవుతాడా లేదా అనేది చూసినాక మొదలు యాడ పెట్టాల్నో ఇద్దరం మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ
తిరుపతి