ఐరిష్ వచ్చిన ఉద్యోగులను వెతుకుతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఐర్లండ్‌లోని గాల్వేలో మీ ప్రభుత్వ కార్యాలయానికి ఐరిష్ మాట్లాడే సిబ్బందిని ఎంపిక చేసే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి గర్వంగానూ ఉంది, బెంగగానూ ఉంది. ఆ దేశపు సర్కారు కొలువులోనే జుట్టు నెరిసినవాణ్ణి కనుక నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

ప్రకటన ఐరిష్‌లోనూ ఇవ్వాలి, ఇంటర్వ్యూ చేసేవారిలో ఆ భాష బాగా వచ్చినవారు ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

2030 చివరికల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవారిలో కనీసం 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలని 2021 నాటి అధికార భాషల సవరణ చట్టం లక్ష్యం పెట్టింది. మీ పైఅధికారులు ఎప్పుడు పిలిచినా ఆ 20 గురించే అడుగుతారు. నా భయమంతా అక్కడే ఉంది, ఎందుకంటే అంకె కోసం మనుషులను తీసుకోవడమనే తప్పు అక్కడ ఇదివరకే జరిగింది. 1974 వరకు సివిల్ సర్వీసులో చేరడానికి ఐరిష్ తప్పనిసరిగా ఉండేది; ఆ నిబంధన ఎత్తేశాక, ఐరిష్ వచ్చినవారికి పోటీల్లో అదనపు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. మార్కులు పొందినవారు చేరాక ఏ సీటులో కూర్చుంటారో, ఆ సీటు దగ్గరికి ఐరిష్ మాట్లాడే మనిషి వస్తాడో రాడో ఆ పద్ధతి పట్టించుకోలేదు. చివరికి, ఈ వేగంతో పోతే విద్యాశాఖలో ఐరిష్ వచ్చిన సిబ్బంది 1.5 శాతం నుంచి 3 శాతానికి చేరడానికి 28 ఏళ్లు పడుతుందని ప్రభుత్వ కార్యాలయాల్లో భాషా చట్టం అమలును పర్యవేక్షించే మొదటి భాషా కమిషనర్ షాన్ ఓ కురాయిన్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పి, పదవినే వదులుకున్నారు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో గాల్వేకు పడమరగా ఐరిష్ మాట్లాడే ప్రాంతమైన కానెమారా నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఐరిష్ ఆమె ఇంటి భాష, కూర్చోబెట్టింది మాత్రం పైఅంతస్తులో బిల్లుల పరిశీలనకు. కింద కౌంటర్ దగ్గరికి ముసలి రైతు ఎవరైనా వచ్చి ఐరిష్‌లో మాట్లాడితే ఆమెను పిలిచేవారు. ఐరిష్‌లో ఉత్తరం వస్తే అదీ ఆమె బల్ల మీదికే చేరేది. ఏడాది చివర పనితీరు సమీక్షలో బిల్లులు ఎందుకు ఆలస్యమయ్యాయని అడిగారే తప్ప, ఆ అనువాదాల గురించి ఒక్క పంక్తి రాయలేదు. క్యాంటీన్‌లో తన భాషలో పలకరించే తోడు కూడా లేక ఆమె మెల్లగా మూగబోయింది, తరువాత బడిపంతులు ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. ఎంత నెమ్మదైన పిల్లో! ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే ముందు సీట్లు తేల్చుకో: ఫోన్, కౌంటర్, గేల్‌టాక్ట్ (ఐరిష్ వాడుక భాషగా ఉన్న ప్రాంతాల) ఊళ్లకు తిరిగే పని. ఒంటరిగా ఒకరిని వేయకు, ఇద్దరు ముగ్గురిని ఒకే విభాగంలో ఉంచు. ఐరిష్‌లో చేసిన పనిని వాళ్ల బాధ్యతల పత్రంలో రాయించి, పదోన్నతిలో లెక్కించేలా ఇప్పుడే ఒప్పించు.

నువ్వు అందరికీ ఒకే రాతపరీక్ష పెడుతున్నావని విన్నాను. ఇంత చదువుకున్నదానివి, ఇదేం పని? కానెమారాలో పుట్టినవారు ఫోన్‌లో ధారాళంగా మాట్లాడి, కాగితం మీద వ్యాకరణం దగ్గర తడబడవచ్చు. డబ్లిన్‌లో పట్టా పుచ్చుకున్నవారు చక్కగా రాసి, ముసలాయన యాస అందక తెల్లమొహం వేయవచ్చు. ఏ సీటుకు ఏది కావాలో అదే పరీక్షించు. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ, నీ మీద నమ్మకం లేక కాదు.

ఇంకొకటి, గేల్‌టాక్ట్ ఊళ్లలో ఏడాది పొడవునా ఉండేలా అద్దె ఇల్లు దొరకడం చాలా కష్టం కనుక, ఎంపికైనవారికి చేరడానికి తగినంత గడువు ఇవ్వు. ప్రకటనలో “ఐరిష్ తెలిసి ఉంటే మంచిది” అన్న వాక్యం ఉంటే కొట్టేసి, ఏ పనికి ఏ స్థాయి కావాలో స్పష్టంగా రాసి, బయటికి పంపే ముందు నాకు ఒకసారి చూపించు.

పెదనాన్న