హార్స్‌లీ కొండకు ఒక్క రోజు: మేనల్లుడికి మామ ఉత్తరం

అల్లుడూ,

కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సెకండ్ హ్యాండైనా బండి బాగుందట, సంతోషం. పిల్లలను హార్స్‌లీ హిల్స్ తీసుకుపోవాలని ఉంది, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చా, తమ్ముణ్ణి అడుగు అన్నావట. రావచ్చు. ఎట్లా రావాలో ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామా, సరే మామా" అంటూ సగమే వింటావు. అందుకే రాస్తున్నాను. ఒకసారి నువ్వు చదువు, ఇంకోసారి నీ ఇల్లాలికి, ఆ అమ్మాయికి, చదివి వినిపించు. మీ ఇంట్లో చెప్పింది గుర్తుపెట్టుకునేది ఆ పిల్లే.

కడప నుంచి బెంగళూరు సర్వీసు నడిపినన్నాళ్లూ ఆ దారి నా చేతుల్లోనే ఉండేది. రాయచోటి, గుర్రంకొండ, మదనపల్లె, ఆ పక్కనే కొండ. కాబట్టి నేను చెప్పేది ముందు డ్రైవరు మాట, ఆ తర్వాతే మామ మాట.

ముందుగా ఒకటి తేల్చుకో. పిల్లల కోసం పోతున్నామని నువ్వు అనుకుంటున్నావు. పో, తప్పులేదు. కానీ ఆ రోజు టైమంతా మీ అమ్మ మోకాళ్లను బట్టీ, చిన్నదాని కడుపును బట్టీ వేసుకోవాలి. వాళ్లిద్దరూ బాగుంటే అందరూ బాగుంటారు. వాళ్లలో ఒకరు "ఇంక నా వల్ల కాదు" అన్నారంటే, అప్పటికి నువ్వు ఎన్ని చూపించినా ఆ రోజు అయిపోయినట్టే.

పెద్దోడికి కూడా ముందే ఒక మాట చెప్పు. వాడు ఫోన్‌లో రోలర్ కోస్టర్లు, నీళ్లలో జారే పెద్ద పెద్ద గొట్టాలు చూసి, కొండ మీద అవన్నీ ఉంటాయనుకుంటున్నాడట. అక్కడ ఉండేది పాత కాలం సరదా. పిల్లల పార్కులో ఉయ్యాలలు, జారుడుబల్లలు, బోనుల్లో జంతువులున్న చిన్న జూ, గాలి ఈడ్చికొట్టే బండ, వందేళ్లు దాటిన చెట్లు. టూరిజం వాళ్లు తాడు మీద నడవడం, పెద్ద గాలి బంతిలో దొర్లడం లాంటి ఆటలు కూడా పెట్టారు. వాటిలో ఆ రోజు ఏది నడుస్తుందో పైకి పోయాకే తెలుస్తుంది కాబట్టి వాడికి ఉయ్యాల వరకే మాట ఇవ్వు. మిగతాది దొరికితే లాభం. తాడు ఆటలు ఆడిస్తే మాత్రం నడుముకు కట్టే బెల్టు నువ్వే ఒకసారి లాగి చూడు. హెల్మెట్ లేకుండా ఎక్కించుకుంటామన్నారంటే పిల్లోడు ఏడ్చినా సరే, దించేసెయ్.

ఎప్పుడు పోవాలి? వేసవి సెలవుల్లో అనే ఆలోచన మానుకో. కొండ నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, కడప కంటే ఏడెనిమిది డిగ్రీలు చల్లగానే ఉంటుంది. కానీ మేలో అక్కడికి పోయేదీ, వచ్చేదీ మన ఎండలోనే కదా. పైగా ఆ రోజుల్లో బెంగళూరు కార్లతో కొండ నిండిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో మనకు వానలు, ఘాట్‌లో పొగమంచు కూడా పడుతుంది. సంక్రాంతి పోయాక, పరీక్షలు దగ్గరపడక ముందు, ఒక మంగళవారమో బుధవారమో చూసుకుని పో. పిల్లలకు ఒక రోజు బడి పోతే పోనీ. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఆ రెండు రోజులు పైన కారు పెట్టుకునేందుకే గంట పడుతుంది.

కడప నుంచి ఒక వైపు సుమారు నూట యాభై కిలోమీటర్లు. టిఫిన్ కోసం ఆగడం కలుపుకుంటే నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంటి గేటు దాటాలి. నాలుగున్నర అంటే నాలుగున్నరే, మీ అమ్మ తులసి కోటకు దండం పెట్టుకునేది నాలుగింటికే కానిచ్చుకోమను. పిల్లలను నిద్ర మంచాల మీద నుంచే ఎత్తి కారులో పడుకోబెట్టు. గువ్వలచెరువు ఘాట్ వాళ్లు నిద్రలోనే దాటేస్తారు, చిన్నదానికి వాంతి బాధ ఉండదు. రాయచోటిలో ఇడ్లీ చాలు. నూనెలో వేయించినవి, ముఖ్యంగా పిల్లకు, వద్దే వద్దు. ఆకలితో ఘాట్ ఎక్కించినా కడుపులో తిప్పుతుంది, పూరీ తినిపించి ఎక్కించినా తిప్పుతుంది.

బస్సులో వాంతి చేసుకునేవాళ్లను నా సర్వీసంతా చూశాను. దాదాపు అందరూ పక్క కిటికీలో నుంచి దగ్గరి చెట్లను చూస్తూనో, తలొంచుకుని ఫోన్ చూస్తూనో ఉన్నవాళ్లే. చూపు ముందుకు, దూరంగా, రోడ్డు మీద ఉండాలి. చిన్నదాన్ని వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి బెల్టు పెట్టు, అక్కడి నుంచి ముందు అద్దం బాగా కనబడుతుంది. ఘాట్ మొదలయ్యేటప్పుడు అందరి ఫోన్లూ అమ్మాయి బ్యాగులోకి పోవాలి. అద్దాలు కొంచెం దించండి. ఒక నిమ్మకాయ, రెండు మూడు కవర్లు, తడి తువ్వాలు చేతికందేలా పెట్టుకోండి. మాత్ర వేయాలంటే మీ డాక్టర్ని అడిగే వేయండి, పక్కింటివాళ్లు చెప్పారని వేయొద్దు. ముందు సీటు మీ అమ్మది. కాళ్లు చాపుకునే వీలుండాలి కదా.

గుర్రంకొండ దగ్గర కోట రోడ్డు మీద నుంచే కనబడుతుంది. చూపించు, దిగొద్దు. మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది అక్కడే. పెద్దోడికి చెప్పు, బడిలో వాడు గొప్పగా చెప్పుకుంటాడు. అక్కడా దిగొద్దు. మీ అమ్మ బోయకొండ గంగమ్మను చూసి పోదామంటుంది, నాకు తెలుసు. అది ఇంకో రోజు, నేనే తీసుకుపోతానని నా పేరు చెప్పి తప్పించుకో. ఒక్క రోజులో మూడు చోట్లు పెట్టుకున్నవాళ్లు మూడింటి బోర్డులూ చూసి వస్తారు, అంతే. మదనపల్లెలో చేయాల్సింది ఒకటే, ట్యాంకులో పెట్రోలు, టైర్లలో గాలి చూసుకోవడం.

అంగళ్లు అనే ఊరు దాటాక కొండకు దారి తిరుగుతుంది. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు.

ఎక్కేటప్పుడు పెద్దగా భయం లేదు. ఏసీ ఆపెయ్, సెకండ్ గేర్లో నింపాదిగా పో, బండి గుంజకపోతే ఫస్ట్‌కు మార్చడానికి సిగ్గుపడొద్దు. మలుపుకు ముందు హారన్ కొట్టు. ఎదురుగా దిగే బండి ఉంటే దారి ఎక్కే బండికే ఇవ్వాలి, అది ఘాట్ మర్యాద. అయితే బెంగళూరు కుర్రాళ్లకు ఆ మర్యాద తెలుసని నమ్ముకోవద్దు, మలుపులో నీ పక్కకు నువ్వుండు.

కష్టమంతా దిగేటప్పుడే. ఏ గేర్లో ఎక్కావో అదే గేర్లో దిగాలి. బండిని పట్టి ఉంచాల్సింది ఇంజిన్, బ్రేకు ఊరికే సాయం. తొక్కిపట్టి దిగితే బ్రేకులు కాలిపోయే దాకా వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. వాసన వచ్చిందా, వెడల్పుగా ఉన్న చోట ఆపి పావుగంట నిలబెట్టు. నీళ్లు మాత్రం పోయొద్దు, ఆ వేడి మీద డిస్కు వంకరపోతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే అది కాలుతుంది. ఇక ఇంజిన్ ఆపి జార్చేవాడి గురించి ఏం చెప్పాలి? రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ తిప్పలేనంత బరువెక్కుతుంది. నీకు ఇంకా చెయ్యి కుదరలేదనిపిస్తే కారు మదనపల్లెలో తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టి ఆర్టీసీ బస్సు ఎక్కు. అందులో చిన్నతనం ఏమీ లేదు, పైగా నువ్వు కూడా కొండను చూడొచ్చు.

పైన కారు ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ ఒక్కటే చాలదు, గేరు కూడా వేసి, చక్రం కొండ వైపు తిప్పి, టైరు కింద ఒక రాయి పెట్టు. అద్దాలన్నీ ఎక్కించు. కోతులు నీకంటే ముందే కారులోకి దూరతాయి.

పొద్దున చేరగానే నేరుగా గాలిబండకు పోండి. ఎండ ముదరకముందు గాలీ ఉంటుంది, జనమూ తక్కువ. మీ అమ్మకు శాలువా, పిల్లలకు చెవులు మూసే టోపీలు పెట్టు. జనవరిలో ఆ గాలి ఎముకలో దిగుతుంది. బండ చూడటానికి చదునుగా ఉంటుంది కానీ అంచుకు పోయేకొద్దీ వాలుతుంది, మంచు తడి ఉంటే జారుతుంది. చిన్నదాని చెయ్యి నీ చేతిలో ఉండాలి, పెద్దోడి చెయ్యి అమ్మాయి చేతిలో ఉండాలి. ఫోటో మీ అమ్మ తీస్తుంది, వంకరగా వస్తే రానీ. అక్కడ ఒక పాత దుప్పటి పరిచి గంటసేపు ఊరికే కూర్చోండి. "ఇక పోదామా" అని నువ్వు మాత్రం అనొద్దు. పిల్లలు గాలిలోకి చున్నీలు ఎగరేస్తారు, మీ అమ్మ కింద కనబడే ఊళ్ల పేర్లు అడుగుతుంది. ఆ గంట కోసమే కదా అంత దూరం పోయేది!

ఎండెక్కాక జూకూ, పార్కుకూ పోండి. అక్కడ నీడ ఉంటుంది. కల్యాణి అనే జామాయిల్ చెట్టును తప్పకుండా చూపించు. 1859లో నాటారట, 1995లో మహావృక్ష పురస్కారానికి దాని పేరు పంపారు. మన ఇళ్లలో ఎవరూ చూడని ముత్తాత కాలం నాటి చెట్టు. దాని చుట్టూ చేతులు కలపాలంటే ఎంతమంది కావాలో పిల్లలను లెక్కేయమను. హార్స్‌లీ ఎవరని అడుగుతారు. మన కడప కలెక్టరే. డబ్ల్యూ.డి. హార్స్‌లీ అనే దొర కడప ఎండ తాళలేక 1870 ప్రాంతంలో అక్కడ బంగళా కట్టుకున్నాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె మన జిల్లాలోదే కాబట్టి మనం ఏమీ పరాయి కొండకు పోవడం లేదు. దొర రాకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఆ మల్లమ్మను ఏనుగులు సాకాయని, ఆమె కొండవాళ్ల జబ్బులు నయం చేసేదని చెప్పుకుంటారు. ఆమె గుడి ఉంది. మీ అమ్మను అక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోనివ్వు. బోయకొండ బాకీ కొంత తీరుతుంది.

అన్నం ఇంటి నుంచే పట్టుకుపో. పైన టూరిజం వాళ్ల హోటల్ ఉంది, కాఫీకి బాగానే ఉంటుంది. చింతపండు పులిహోర, పెరుగన్నం చాలు. పెరుగన్నం మాత్రం అమ్మాయికి ఇట్లా కలపమను. తెల్లవారుజామున మెత్తగా వండిన గోరువెచ్చని అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి, ఉప్పు వేయకుండా మూత పెట్టాలి. మధ్యాహ్నానికి అదే తోడుకుంటుంది, పులుపెక్కదు. ఉప్పు, దానిమ్మ గింజలు తినేటప్పుడు. ఊరగాయ సీసా వద్దు, చెనక్కాయల పొడి పట్టుకుపోండి, కారినా బట్టలు పాడుకావు. స్టీలు డబ్బాల్లోనే పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్ గలగల వినబడితే చాలు, కోతులు దిగుతాయి. తినేటప్పుడు ఒక కోతి వచ్చిందంటే ఎదురు గుంజొద్దు, కళ్లలోకి చూడొద్దు, ఆ ముద్ద దానికి వదిలెయ్. కోతి గీరిందంటే సబ్బుతో బాగా కడిగి, మదనపల్లె ఆసుపత్రికి పోయి ఇంజెక్షన్ వేయించాల్సిందే, ఇంటికి పోయాక చూద్దాంలే అనొద్దు.

అన్నం తిన్నాక మీ అమ్మను కాసేపు చెట్టు కింద పడుకోనివ్వు. నువ్వూ అరగంట కళ్లు మూసుకో. ఇది సోమరితనం అనుకోకు, డ్రైవరు డ్యూటీలో భాగం. నాలుగున్నరకు లేచినవాడు మధ్యాహ్నం భోంచేసి స్టీరింగ్ పడితే రెప్ప వాలకుండా ఉండదు. సూర్యాస్తమయం చూసి పోదామని పిల్లలు అంటారు. ఒక రోజు ప్రయాణంలో అది కుదరదు. సరిగ్గా మూడున్నరకు కొండ దిగడం మొదలుపెట్టు. అట్లయితే గువ్వలచెరువు చేరేసరికి ఏడు దాటుతుంది, అంతకంటే ఆలస్యం వద్దు. మదనపల్లెలో అమ్మాయి టమాటా బాక్సు చవగ్గా ఉందని కొందామంటుంది. ఒక సంచి కొనండి, బాక్సు వద్దు. డిక్కీలో టమాటా చితికితే ఆ వాసన ఎన్ని రోజులుంటుందో సర్వీసులో నాకు బాగా తెలిసింది.

చివరగా గువ్వలచెరువు. పోయేటప్పుడు ఎక్కిన ఘాట్‌ను వచ్చేటప్పుడు చీకట్లో దిగుతావు, అదీ అలసిపోయి, ఇల్లు దగ్గరికొచ్చిందనే తొందరలో. బరువు లారీలు బ్రేకు పట్టక అక్కడే బోల్తా పడుతుంటాయి. దిగే ముందే గువ్వలచెరువు ఊళ్లో ఆపు. పాలకోవా అప్పుడే కొను, పొద్దున కొంటే సాయంత్రానికి పిల్లలే అయిపోగొడతారు. అందరూ టీ తాగండి, పిల్లలను మూత్రానికి పంపండి, ఈలోగా బ్రేకులు చల్లబడతాయి. ఆ తర్వాత సెకండ్ గేర్, డిప్పర్ లైట్, ముందు లారీ ఉంటే దానికి నాలుగు బండ్ల దూరం. ఓవర్‌టేక్ చేయొద్దు. వెనకవాడు హారన్ కొట్టి తిడితే తిట్టనీ, పక్కకు జరిగి వాణ్ణి పోనివ్వు. వెనక కూడా లారీ ఉంటే ఇంకా జాగ్రత్త, అద్దంలో దాన్ని చూసుకుంటూ ఉండు. మరీ దగ్గరికి వస్తే వెడల్పు చోటు చూసి దాన్ని ముందుకు వదిలెయ్.

బయల్దేరే రెండు రోజుల ముందు బండిని మెకానిక్‌కు చూపించి బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, స్టెప్నీలో గాలి చూపించుకో. స్టెప్నీ గాలి ఎవరూ చూడరు. తేదీ ఖాయం చేసుకున్నాక చెప్పు. ఇల్లు చేరాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు. కోవాలో అరకిలో నాకు తీసిపెట్టు, పులివెందులకు వచ్చేటప్పుడు మీ అమ్మ తెస్తుంది.

ఆశీస్సులతో,
మీ మామ