టోక్యోకి మేయర్ ఎందుకు లేరు?

"జపాన్ రాజధాని టోక్యో కదా, ఆ నగర మేయర్ పేరు ఎక్కడా దొరకడం లేదేంటి?" అని అడిగారు. ఆ పదవే లేదండీ. టోక్యో నగరమనేది కాగితం మీద 1943లోనే పోయింది. యుద్ధం నడుస్తుండగా నగరాన్నీ, అది ఉన్న ప్రిఫెక్చర్‌నీ (మన రాష్ట్రం లాంటిది) కలిపేసి ఒకే పాలన కిందికి తెచ్చారు. జపాన్‌లో ప్రిఫెక్చర్లు 47, టోక్యో వాటిలో ఒకటి. దీనికి ఉండేది గవర్నర్. మన గవర్నర్లలా కేంద్రం పంపేవారు కాదు, జనమే ఓటేసి ఎన్నుకుంటారు.

ఫొటోల్లో కనిపించే షిబుయా, షింజుకు లాంటివి 23 ప్రత్యేక వార్డుల్లోవి. వార్డంటే మన కార్పొరేటర్ గారి ఏరియా అనుకోకండి. సెతగాయా ఒక్కదాంట్లోనే 9 లక్షలకు పైగా జనం. ఒక్కో వార్డుకీ విడిగా మేయరు, కౌన్సిలు, ఆఫీసు.

ఇదంతా నాకు ఇల్లు మారినప్పుడే అర్థమైంది. మొదట ఎదొగావా వార్డులో, నిషి కసాయిలో ఉండేవాళ్లం. వైటూకే (2000 సంవత్సరం కంప్యూటర్ల సమస్య) రోజుల నుంచీ మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చేరిన చోటు, కందిపప్పుకీ చింతపండుకీ లోటుండదు. ఆఫీసుకి దగ్గరని వేరే వార్డుకి మారితే, పాత వార్డు ఆఫీసులో వెళ్లిపోతున్నట్టు రాసిచ్చి, కొత్త ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా అక్కడ నమోదు చేయించుకోవాల్సొచ్చింది. చెత్త ఎత్తేదీ వార్డే. దాంతో కాల్చే చెత్త ఏ రోజు, సీసాలు ఏ రోజు అన్న చార్టు మళ్లీ ఫ్రిజ్ మీదికెక్కింది. నీళ్ల బిల్లు మాత్రం రెండు చోట్లా టోక్యో ప్రభుత్వానికే కట్టాం. ఫైరింజన్లూ వాళ్లవే.

పోటీ పరీక్షలకి కావాలంటే జపాన్ గురించి మిగతావి: దేశ జనాభా సుమారు 12 కోట్ల 40 లక్షలు, టోక్యోది 1 కోటి 40 లక్షలు. హొన్షు, హొక్కయిదో, క్యూషు, షికోకు పెద్ద దీవులు. 2023లో మళ్లీ లెక్కపెడితే మొత్తం 14,125 తేలాయి. అంతకుముందు పుస్తకాల్లో 6,852 అని ఉండేది, పాత గైడు చదివితే జాగ్రత్త. ఎదో అనే ఊరికి 1868లో టోక్యో అని పేరు మార్చారు, ఆ వెంటనే చక్రవర్తి క్యోటో వదిలి ఇక్కడికొచ్చారు.

వార్డులు దాటి పడమరకు వెళ్తే హచియోజి, మచిదా లాంటి ఊళ్లు, వాటికీ సొంత మేయర్లున్నారు. ఇంకా పోతే 2,017 మీటర్ల కుమొతోరి కొండ, అదీ టోక్యోనే. దక్షిణంగా వెయ్యి కిలోమీటర్ల దూరాన పసిఫిక్‌లో ఉన్న ఒగసవారా దీవులూ టోక్యో లెక్కే. విమానం లేదు, ఓడలో 24 గంటలు. అక్కడి కార్లకీ టోక్యోలోని షినగావా నంబర్ ప్లేటే ఉంటుంది.